చెట్ల వేళ్ళ జబ్బును కనిపెట్టిన రాబర్ట్ హార్టిగ్



ఈ ప్రత్యేక సంచికకు తలా ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. నా వంతు వచ్చేసరికి విశ్వేశ్వరయ్యగారిని, కాటన్ దొరను, ప్రకాశం పంతులుగారిని మిత్రులు ముందే పంచేసుకున్నారు. అటవీశాఖలో చేశారు గదా, ఆ వైపు ఎవరైనా ఉంటే చూడండని కార్యదర్శిగారు సలహా ఇచ్చారు. 1972లో గుమాస్తాగా చేరింది మొదలు 2008లో రిటైరయ్యే వరకు కలప డిపో లెక్కలు, వేలంపాట కాగితాలు, టి.ఏ. బిల్లులు రాసినవాడినే తప్ప నేను అడవి శాస్త్రం చదివినవాడిని కాను. అయినా ఒక పేరు మాత్రం నాకు వెంటనే తట్టింది. అది రాబర్ట్ హార్టిగ్.

ఈయన జర్మనీ దేశస్థుడు. చనిపోయి నూరేళ్ళు దాటింది. మనలో చాలామంది ఈ పేరు విని ఉండరు గాని, ప్రపంచంలో ఏ అటవీ కళాశాలలోనైనా చెట్ల జబ్బుల పాఠం ఈయనతోనే మొదలవుతుంది. చెట్ల వైద్యశాస్త్రానికి పితామహుడని అంటారు. నాకు ఈయన ఎలా తెలుసంటే, నేను పనిచేసిన ఒక డివిజన్ ఆఫీసులో పాత పుస్తకాల బీరువా ఉండేది. ఏటా మార్చి నెలలో స్టాకు సరిచూసి సంతకం పెట్టే పని నాది. అందులో చెట్ల జబ్బుల మీద 1894 నాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. అట్ట ఊడిపోయినా లోపలి బొమ్మలు చెక్కుచెదరలేదు. వేరు మీద తెల్లటి పొర, కాండం కోస్తే కనబడే మచ్చలు, అన్నీ ఎంతో ఓపికగా గీసినవి. మధ్యాహ్నం భోజనాల వేళ ఆ బొమ్మలు చూస్తూ, నిఘంటువు పక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా చదివాను. ఆ తర్వాత దొరికినచోటల్లా ఆయన గురించి చదువుతూనే ఉన్నాను.

హార్టిగ్‌గారిది అడవులు తప్ప వేరే వ్యాపకం ఎరుగని వంశం. తాతగారు గేయార్గ్ లుడ్విగ్ హార్టిగ్ 1764లో పుట్టారు. 1811 నుంచి ప్రష్యా రాజ్యపు అడవులన్నిటికీ అధిపతిగా ఉండి 1837లో కాలం చేశారు. అడవిలో ఏటా ఎంత పెరుగుతుందో అంతే కొట్టాలి, మిగతాది రాబోయే తరానికి ఉంచాలి అనే లెక్కను కట్టుదిట్టంగా అమలుచేసినవారిలో ఆయన ముఖ్యుడు. మన శాఖలో వర్కింగ్ ప్లాను అని పదేళ్ళకోసారి రాసే పెద్ద పుస్తకం ఉంటుందే, దాని మూలాలు వెతుక్కుంటూ పోతే ఆ కాలపు జర్మన్ల దగ్గరికే చేరతాం. తండ్రి టియోడోర్ హార్టిగ్ 1805లో పుట్టారు. ఆయన వృక్షశాస్త్రంలోను, పురుగుల శాస్త్రంలోను దిట్ట. చెట్టు బెరడులో ఆహారం ప్రవహించే జల్లెడ నాళాలను 1837లో మొదట గుర్తించింది ఆయనే. మన కథానాయకుడు ఆ ఇంట 1839 మే 30న బ్రౌన్‌ష్వైగ్ నగరంలో జన్మించాడు. తాతగారిని చూసే భాగ్యం కలగలేదు. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళయింది.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఆ అడవుల సంగతి కొంచెం చెప్పాలి. పైన్, స్ప్రూస్, ఫర్, దేవదారు మొదలైనవాటిని శంఖాకార వృక్షాలని మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. సూదుల్లాంటి ఆకులు, కాయలకు బదులు పొలుసులు పొలుసులుగా ఉండే శంకువులు. మన సముద్రతీరంలో సరుగుడు చూడటానికి అలాగే ఉంటుంది గాని ఆ జాతి కాదు. అరకు వైపు వెళ్ళినవారు దారిలో నాటిన పైన్ చెట్లు చూసే ఉంటారు. చలి దేశాలకు ఇవే ఇల్లు, ఇవే వంటచెరకు, ఇవే గనుల్లో ఊతకర్రలు, ఇవే కాగితం. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో పాత అడవులు కొట్టిన చోట్ల, బీడు పొలాల్లోను స్ప్రూస్, పైన్ మొక్కలను వరుసలు కట్టి లక్షల్లో నాటారు. మన దగ్గర తర్వాత యూకలిప్టస్ నాటిన తీరు గుర్తుకు తెచ్చుకోండి. ఒకే జాతి, ఒకే వయసు. కలప దిగుబడి బాగా వచ్చింది. లెక్కలు రాసే గుమాస్తాకు కూడా సుఖం.

అయితే కొన్నిచోట్ల ఒక వింత కనబడసాగింది. ముప్పై నలభై ఏళ్ళ వయసు వచ్చి నిటారుగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి పాలిపోయి ఎండిపోయేది. మరుసటి ఏడు దాని పక్కవి. తర్వాత వాటి పక్కవి. చీర మీద చమురు మరక పాకినట్టు ఏటికేడాది ఆ గుండ్రం పెద్దదయ్యేది. మధ్యలో ఖాళీ. గాలివాన వస్తే గుండ్రం అంచున ఉన్నవి వేళ్ళతో సహా పడిపోయేవి. స్ప్రూస్ విషయంలో ఇంకో మోసం. చెట్టు పైకి పచ్చగానే ఉండి, కొట్టి చూస్తే మొదలు నుంచి కొన్ని మీటర్ల ఎత్తు దాకా లోపలి చేవ అంతా కుళ్ళి ఉండేది. కొనుక్కున్నవాడు లబోదిబోమనేవాడు. చెట్టులో ఎక్కువ విలువ పలికేది ఆ మొదలు ముక్కే.

మట్టి మంచిది కాదని కొందరు, మంచు కాటేసిందని కొందరు, ముసలితనమని కొందరు అనేవారు. కుళ్ళిన కొయ్యలో బూజు పోగులు కనబడుతూనే ఉన్నాయి. కాని కుళ్ళు ముందా బూజు ముందా అన్నది ప్రశ్న. పెంటకుప్ప మీద పుట్టగొడుగు మొలిస్తే ఆ పెంటలోంచే పుట్టిందని మనవాళ్ళు అనుకున్నట్టే, కొయ్య చెడిపోయాక దానిలోంచి బూజు పుడుతుందని పండితులు కూడా అనుకున్నారు. ఆ పండితుల్లో టియోడోర్ హార్టిగ్‌గారు ఒకరు. ఆయన 1833లోనే కుళ్ళిన కొయ్యలోని సన్నపోగులను సూక్ష్మదర్శినిలో చూసి, చెట్టు కణాలే మారి ఆ పోగులవుతున్నాయని గ్రంథం రాశారు. చూపు గొప్పదే. చూసినదానికి చెప్పుకున్న కారణం తిరగబడింది. దాన్ని సరిచేసే పని నలభై ఏళ్ళ తర్వాత సొంత కొడుకు చేతికే వచ్చింది.

రాబర్ట్ బ్రౌన్‌ష్వైగ్‌లోను, బెర్లిన్‌లోను చదువుకుని 1867లో ఎబర్స్‌వాల్డె అటవీ విద్యాలయంలో అధ్యాపకుడుగా చేరాడు. అంతకు కొన్నేళ్ళ ముందే డి బారీ అనే మహాశాస్త్రజ్ఞుడు ధాన్యపు పైర్లకు కాటుక, కుంకుమ తెగుళ్ళు తెచ్చేది శిలీంధ్రాలేనని, బంగాళాదుంప తెగులుకూ అదే కారణమని రుజువు చేసి ఉన్నాడు. చేలో మొక్క సంగతి తేలింది గాని, వందడుగుల చెట్టును కంటికి కనబడని పోగు చంపుతుందంటే నమ్మడానికి జనం సిద్ధంగా లేరు. హార్టిగ్ గదిలో కూర్చుని వాదించలేదు. అడవికి వెళ్ళి చచ్చిన చెట్ల వేళ్ళు తవ్వించాడు.

ఇక్కడ ఆయన చేసిన పని నాకు ఎప్పుడూ మన శాఖలో దొంగకలప కేసు విచారణలా తోస్తుంది. పట్టుబడ్డ దుంగ దగ్గర మొదలుపెట్టి, బండి జాడ పట్టుకుని, నరికిన మొద్దు దగ్గరికి వెళ్ళినట్టు ఆయన ఒక్కొక్క వేరు పట్టుకుని వెళ్ళాడు. చచ్చిన చెట్టు వేరు బెరడు పొరల మధ్య ఉల్లిపొర కన్నా పలచని తెల్లటి పొర ఉంది. ఆ వేరు పోయి పోయి పక్క చెట్టు వేరును ఎక్కడ తాకిందో అక్కడ ఆ తెల్లపొర రెండో వేరు మీదికి దాటి ఉంది. ఆ రెండో చెట్టు పైన ఇంకా పచ్చగానే ఉంది. అంటే కుళ్ళు రాకముందే బూజు వచ్చింది. చెట్టు మొదట్లో, రాలిన ఆకుల కింద దాచిపెట్టినట్టుగా ఆ శిలీంధ్రం కాసిన గట్టి పుట్టగొడుగు దొరికింది. పైన గోధుమరంగు, అడుగున తెలుపు, సూది గుచ్చినట్టు సన్నని రంధ్రాలు. ఆ బూజును ఆరోగ్యమైన చెట్ల వేళ్ళకు అంటించి చూస్తే వాటికీ అదే జబ్బు పట్టింది. దానికి ఆయన పెట్టిన పేరుకు వేరును నాశనం చేసేది అని అర్థం.

రెండో దోషిని కూడా ఆయనే పట్టుకున్నాడు. అడవి నేలలో, చచ్చిన చెట్ల బెరడు కింద నల్లని బూటు తాళ్ళ లాంటివి కనబడేవి. వాటిని వేరే జాతి శిలీంధ్రంగా లెక్కగట్టి వేరే పేరు కూడా పెట్టి ఉంచారు. శరదృతువులో చెట్ల మొదట గుత్తులు గుత్తులుగా మొలిచే తేనెరంగు పుట్టగొడుగులు అందరికీ తెలిసినవే. అక్కడివారు వండుకుని తింటారు కూడా. ఆ నల్లతాళ్ళు, ఈ తినే పుట్టగొడుగు ఒకటేనని హార్టిగ్ చూపించాడు. అది వేళ్ళ తాకిడి కోసం కూడా ఎదురుచూడదు. తన తాళ్ళను మట్టిలోంచి పంపించి పక్క చెట్టును వెతుక్కుంటుంది. ఈ విషయాలన్నీ కలిపి అడవి చెట్ల ముఖ్యమైన జబ్బుల మీద 1874లో పుస్తకం వేశాడు. అప్పటికి ఆయనకు 35 ఏళ్ళు. తండ్రిగారు ఇంకా ఆరేళ్ళు జీవించారు.

మందు ఏమిటని అడిగితే ఆయన చెప్పిన సలహా పల్లెటూరి రైతుకు కూడా అర్థమవుతుంది. జబ్బుపడ్డ గుంపు చుట్టూ కందకం తవ్వి వేళ్ళను తెగ్గొట్టాలి. అయితే కందకం చచ్చిన చెట్లకు ఆనించి కాదు. పైకి బాగున్నట్టు కనబడే చెట్లను కూడా కొన్నిటిని లోపల వేసుకుని, వాటికి అవతల తవ్వాలి. ఎందుకంటే బూజు మన కంటికన్నా ముందు నడుస్తుంది. పచ్చటి చెట్టును జబ్బు లెక్కలో రాయమంటే ఏ అధికారికైనా చెయ్యి వణుకుతుంది. రాళ్ళ నేలలో తవ్వకం ఖర్చు తడిసి మోపెడయ్యేది. అందుచేత ఆ సలహాను పాటించినవారు తక్కువ.

ఈ కందకం సంగతి రాస్తుంటే కోనసీమలో మా బావమరిది కొబ్బరితోట జ్ఞాపకం వస్తోంది. 1996 నవంబరు తుఫానుకు ఆ తోటలో సగం చెట్లు పడిపోయాయి. పడ్డవాటి మొద్దులు చాలాకాలం అలాగే ఉండిపోయాయి. కొన్నేళ్ళకు మిగిలిన వాటిలో ఒక చెట్టు మొదట్లో ఎర్రటి బంక కారడం, కింది మట్టలు వేలాడిపోవడం, పీచు రాలిపోవడం మొదలైంది. కోనసీమవారికి చెప్పక్కరలేదు, బంక కారు తెగులు. అది గానోడెర్మా అనే శిలీంధ్రం పని. హార్టిగ్ చూసిన జాతి వేరు, ఇది వేరు. నడక మాత్రం అదే, నేలలోపల వేరు నుంచి వేరుకు. ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. దిష్టి అన్నారు, అన్నదమ్ముల మధ్య ఏదో జరిగిందన్నారు. అంబాజీపేట పరిశోధన కేంద్రంవారు వచ్చి చూసి, జబ్బు చెట్టును వేళ్ళతో సహా తీసి కాల్చమని, చుట్టూ కందకం తవ్వమని, వేపపిండిలో ట్రైకోడెర్మా కలిపి మిగతా చెట్ల పాదుల్లో వేయమని చెప్పారు. మా అత్తగారు తన చేత్తో నాటిన చెట్టొకటి ఆ కందకం లోపల పడింది. అది కాపులో ఉంది. దాన్ని తీయడానికి ఆవిడ ఎంతమాత్రం ఒప్పుకోలేదు. చివరకు కందకాన్ని ఆ చెట్టుకు ఇవతలగా వంచారు. రెండేళ్ళకు ఆ చెట్టుకూ బంక కారింది. అది తీసేసిన రోజున ఆవిడ అన్నం తినలేదు. తోటలో ఇంకా ముప్పై చెట్ల దాకా మిగిలాయంటే మాత్రం మిగతా మూడువైపులా సరిగా తవ్విన కందకమే కారణమని నా అభిప్రాయం.

సరే, మళ్ళీ హార్టిగ్‌గారి దగ్గరికి వద్దాం. 1878లో ఆయన మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడుగా వెళ్ళాడు. అదే ఏడు కొయ్య కుళ్ళు మీద మరో గొప్ప పుస్తకం వచ్చింది. ఒక్కొక్క శిలీంధ్రం కొయ్యను ఒక్కొక్క తీరుగా తింటుందని, రంగు, మచ్చ, మెత్తదనం చూసి ఏది తిన్నదో చెప్పవచ్చని అందులో నిరూపించాడు. కలప డిపోలో దుంగలకు గ్రేడు వేసేవారికి ఇది ఎంత పనికొచ్చే సంగతో వేరే చెప్పనక్కరలేదు. 1882లో చెట్ల జబ్బుల పాఠ్యగ్రంథం వేశాడు. 1885లో ఇళ్ళ దూలాలను, నేల చెక్కలను తినే బూజు మీద ఒక పుస్తకం రాశాడు. ఫ్యాక్టరీ పొగ స్ప్రూస్ చెట్లకు చేసే కీడు మీద కూడా పరిశోధన చేశాడు.

మన దేశానికి ఆయనతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. మన అటవీశాఖకు 1864లో మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చిన బ్రాండిస్ జర్మనీవాడు. ఆయన తర్వాతి ఇద్దరూ, ష్లిచ్, రిబెన్‌ట్రాప్, జర్మన్లే. 1885 నుంచి ఇండియా అటవీ ఉద్యోగాలకు ఇంగ్లండులో కూపర్స్ హిల్ అనే చోట శిక్షణ ఇచ్చేవారు. అక్కడ వృక్షశాస్త్రం చెప్పింది మార్షల్ వార్డ్. అంతకుముందు సింహళంలో కాఫీ తోటలను నాశనం చేసిన కుంకుమ తెగులును పరిశోధించినవాడాయన. హార్టిగ్ పాఠ్యగ్రంథాన్ని సోమర్‌విల్ అనే ఆయన ఇంగ్లీషులోకి మార్చగా, దాన్ని సరిదిద్ది 1894లో వెలువరించింది ఈ వార్డ్‌గారే. నేను స్టాకు రిజిష్టరులో ఏటా టిక్కు పెట్టిన పుస్తకం అదే. 1906లో డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ వచ్చాక చెట్ల జబ్బుల పని మన దేశంలోనే సాగింది. బాగ్చీ, బక్షీ వంటి మనవాళ్ళు దాన్ని ముందుకు తీసుకువెళ్ళారు. పశ్చిమ హిమాలయాల్లో దేవదారు చెట్ల వేళ్ళను కుళ్ళబెట్టే శిలీంధ్రం హార్టిగ్ పట్టుకున్నదాని వర్గానిదే.

హార్టిగ్‌కు అంతుచిక్కని సంగతి ఒకటి ఉంది. వేరు నుంచి వేరుకు జబ్బు ఎలా పోతుందో చెప్పాడు. అసలు మొదటి చెట్టుకు ఎలా వచ్చింది? ఎలుకల బొరియల్లో ఆ పుట్టగొడుగు కనబడింది కనుక, ఎలుకలు ఒంటికి అంటించుకుని విత్తనాలను వేళ్ళ దగ్గరికి మోస్తున్నాయని ఆయన ఊహించాడు. అది నిలవలేదు. జవాబు కోసం ఇంకో డెబ్బై అయిదేళ్ళు ఆగవలసి వచ్చింది. కేంబ్రిడ్జికి చెందిన జాన్ రిష్‌బెత్ తూర్పు ఇంగ్లండులోని థెట్‌ఫర్డ్ పైన్ తోటల్లో పనిచేసి 1950, 1951 సంవత్సరాల్లో ఆ రహస్యం బయటపెట్టాడు. తోట బాగా ఎదగాలని మధ్య మధ్య చెట్లు కొట్టి పలచన చేస్తారు గదా, ఆ కొట్టిన మొద్దు పచ్చిగాయం లాంటిది. గాలిలో తేలే శిలీంధ్రపు విత్తనం దాని మీద వాలి, మొలిచి, మొద్దు వేళ్ళలోకి దిగి, అక్కడి నుంచి పక్క చెట్టుకు పోతుంది. అంటే తోట మేలు కోరి చేసిన పనే జబ్బుకు తలుపు తీసింది. ఎంత బాగా పలచన చేస్తే అన్ని తలుపులు.

తలుపు తెలిశాక గడియ పెట్టడం సులువైంది. చెట్టు కొట్టిన వెంటనే మొద్దుకు మొదట్లో క్రియోసోటు పూశారు. తర్వాత యూరియా నీళ్ళు, బోరాన్ లవణాలు వచ్చాయి. వీటన్నిటికన్నా నాకు నచ్చినది 1963లో రిష్‌బెత్ ప్రకటించిన ఉపాయం. చచ్చిన కొయ్యను తినడమే తప్ప బతికిన చెట్టు జోలికి పెద్దగా పోని మరో శిలీంధ్రాన్ని ఆయన తెచ్చి ముందుగా మొద్దు మీద చల్లించాడు. అది మొద్దంతా ఆక్రమించుకుంటుంది. తర్వాత వచ్చిన శత్రువుకు చోటు దొరకదు. రైల్లో సీటు మీద తువ్వాలు వేసినట్టన్నమాట. ఆ పద్ధతి యూరపులో ఇప్పటికీ నడుస్తోంది. చెట్టు కోసే యంత్రమే కోస్తూ కోస్తూ మందు చల్లేలా అమర్చుకున్నారు. జబ్బు బాగా ముదిరిన చోట మొద్దులను వేళ్ళతో పెకలించి తీసేస్తారు. జాతులు కలిపి నాటుతారు.

తేనెరంగు పుట్టగొడుగు మాత్రం ఇంత తేలిగ్గా లొంగలేదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు మాల్హర్ అడవిలో ఆ వర్గానికి చెందిన ఒకే ఒక్క శిలీంధ్రం దాదాపు 965 హెక్టార్ల మేర నేలలోపల పాకి ఉందని 2003లో ప్రకటించారు. మన లెక్కలో 2,380 ఎకరాల పైచిలుకు. వయసు సుమారు రెండువేల ఏళ్ళో, ఇంకా ఎక్కువో అంటారు. అంత విస్తీర్ణంలో శంఖాకార వృక్షాలు గుంపులు గుంపులుగా చచ్చిపోతున్నాయి. దానికి కందకం తవ్వేదెవరు?

హార్టిగ్ ఉద్యోగంలో ఉండగానే 1901 అక్టోబరు 9న మ్యూనిక్‌లో కన్నుమూశాడు. వయసు 62. అంతకు ఏడాది ముందే తన పాఠ్యగ్రంథాన్ని మూడోసారి సరిదిద్ది అచ్చువేయించాడు. మనలాగా విశ్రాంతి అనుభవించే యోగం ఆయనకు లేకపోయింది. శిష్యుడు టూబోయిఫ్ ఆ కుర్చీలో కూర్చున్నాడు.

పేర్ల విషయంలో ఒక విచిత్రం చెప్పి ముగిస్తాను. వేరును నాశనం చేసేది అని హార్టిగ్ పెట్టిన పేరు ఇప్పుడు వాడుకలో లేదు. స్వీడన్ దేశపు ఫ్రీస్ ఆ పుట్టగొడుగునే 1821లో చూసి పేరు పెట్టి ఉన్నాడు. సీనియారిటీ ఆయనది. ఇక తండ్రి టియోడోర్‌గారు 1840 ప్రాంతంలో పైన్ వేరు కొసల్లో కణాల చుట్టూ అల్లుకున్న ఒక సన్నని వలను చూసి బొమ్మ గీశారు. అది శిలీంధ్రమని ఆయనకు తెలియలేదు. 1885లో ఫ్రాంక్ అనే ఆయన, ఆ వల శిలీంధ్రమేనని, అది చెట్టును చంపదని, మట్టిలోంచి నీరు, పోషకాలు అందించి బదులుగా చెట్టు దగ్గర ఆహారం పుచ్చుకుంటుందని చెప్పాడు. వేళ్ళలో శత్రువులనే చూసి చూసి ఉన్న రాబర్ట్ ఆ స్నేహం మాటను ఒప్పుకోలేదు. ఫ్రాంక్ మాటే నిలిచింది. ఆ వలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హార్టిగ్ వల. తండ్రిగారి పేరు మీద.